తీరని లోటు

హనుమకొండ నుంచి నర్సంపేట పోయే పల్లెవెలుగు బస్సది. శనివారం సాయంత్రం కావడంతో కాలు పెట్టే జాగా లేదు. ఎంజీఎం ఆసుపత్రిలో చుట్టాన్ని చూసొస్తున్నవాళ్లు, మిర్చి కూలికి పోయొస్తున్నవాళ్లు, హాస్టళ్ల నుంచి ఇంటికి పోతున్న పిల్లలు, నాలాగా దిద్దాల్సిన జవాబు పత్రాలు సంచిలో మోసుకెళ్తున్నవాళ్లు. సగానికి పైగా ఆడవాళ్లమే. కండక్టరమ్మ ఆధార్ కార్డులు చూసి జీరో టికెట్లు కొట్టి ఇస్తోంది. వెనక ఒక యాభయ్యేళ్ల పెద్దమనిషికి సీటు దొరకలేదు. డబ్బులిచ్చి టికెట్టు కొనుక్కుని నిలబడాల్సి వచ్చిందన్న ఉక్రోషం ఆయనది. “ఫ్రీ అని పెట్టి రాష్ట్రాన్ని అప్పుల పాలు చేసిన్రు. గీ ఆడోళ్ల తిరుగుడుకే ఖజానంత ఒడిసిపాయె” అన్నాడు, ఎవరితోనూ కాకుండా, అందరితోనూ.

ఎవరూ మాట్లాడలేదు. నా పక్కన కూర్చున్నామె మిర్చి ఘాటుకి ఎర్రబడ్డ వేళ్లని కొంగులోకి లాక్కుంది. నేను కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాను. కథలో కథకుడి కంఠస్వరం గురించి గంటన్నర ఆపకుండా మాట్లాడగలిగిన నోరు నాది. డాక్టరేటు ఉంది. ఆ రోజు ఒక్క ముక్క పెగల్లేదు. భయపడి కాదు. ఆయనన్నది నిజమేమోనన్న అనుమానం నాక్కూడా ఉంది, అందుకు. జీరో టికెట్టుని మడిచి పుస్తకంలో పెట్టుకున్నాను. దొంగసొత్తులా అనిపించింది.

నిజం చెప్పాలంటే ఆర్థిక విషయాల పేజీని నేను ఎప్పుడూ మొగవాళ్ల పేజీగానే చూశాను. పేపర్లో బడ్జెట్ వచ్చిన రోజు బొమ్మలు చూసి పేజీ తిప్పేస్తాను. మనలో చాలామందిమి అంతే అనుకుంటాను. వంటిల్లు, పురిటిగది, పడకటిల్లు - వీటిలో రాజకీయం ఉందని కొట్లాడి మరీ చెప్పిన వాళ్లం, ఖజానా దగ్గరికి వచ్చేసరికి ‘లెక్కలు మనకు రావు’ అని పక్కకు తప్పుకున్నాం. నా పరిశోధనలో రెండువందల కథలు చదివాను. అప్పు లేని కథ అరుదు. అప్పుని ఇతివృత్తమని రాసుకున్నాను గానీ అదెలా పనిచేస్తుందో ఒక్కసారీ అడగలేదు. ఆ బస్సు దిగాక అడగడం మొదలుపెట్టాను.

సాహిత్యం చదువుకున్నదాన్ని కాబట్టి మాట దగ్గరే మొదలుపెట్టాను. లోటు. ఎవరైనా పెద్దమనిషి పోతే సంతాపసభలో ‘ఆయన మరణం తీరని లోటు’ అంటాం. బడ్జెట్ లోటు కూడా అలాంటిదే, తీరదు. స్వతంత్ర భారతదేశపు మొట్టమొదటి బడ్జెట్‌ని 1947 నవంబరు 26న ఆర్.కె. షణ్ముఖం చెట్టి ప్రవేశపెట్టాడు. 171 కోట్ల ఆదాయం, 197 కోట్ల ఖర్చు. అంటే లోటుతోనే పుట్టాం. అమెరికా సంగతి చూస్తే 2024 నవంబరులో వాళ్ల అప్పు 36 లక్షల కోట్ల డాలర్లు దాటింది. జపాన్ అప్పు దాని ఏడాది ఉత్పత్తికి రెండింతలకు పైనే ఉంది. అక్కడెక్కడా నర్సంపేట బస్సు లేదు.

లోటు కూడా ఒకటి కాదు, రెండు. రోజువారీ ఖర్చులకి, అంటే జీతాలు, పింఛన్లు, వడ్డీలు, సబ్సిడీలు, వీటికి మామూలు రాబడి చాలకపోతే రెవెన్యూ లోటు. చెరువులు, రోడ్లు, భవనాల ఖర్చు కూడా కలిపి చూసుకుని, అప్పు తేకుండా ఎంత తక్కువ పడుతుందో అది ద్రవ్యలోటు. 2025 మార్చిలో తెలంగాణ శాసనసభలో పెట్టిన 3,04,965 కోట్ల బడ్జెట్‌లో రెవెన్యూ ఖాతాలో రెండున్నర వేల కోట్ల పైచిలుకు మిగులు చూపించారు. అదే బడ్జెట్‌లో ద్రవ్యలోటు 54 వేల కోట్లు. ఒకే కాగితం మీద మిగులూ లోటూ పక్కపక్కన ఉండటం మొదట నాకు మోసంలా తోచింది. కాదు. ఇంటి సరుకులు జీతంలో సరిపోయాయి, ఇల్లు కట్టడానికి అప్పు తెచ్చాం అన్నట్టు. అంచనాలో అలా ఉంటుంది మరి. ఏడాది చివరికి ఎలా ఉంటుందో వేరే విషయం.

అయితే ఇల్లు కట్టడం ఒకసారితో అయిపోతుంది కదా, ఈ అప్పు ప్రతి ఏడాదీ ఎందుకు? దీనికి జవాబు నాకు పుస్తకంలో కాదు, మా అమ్మ ట్రంకుపెట్టెలో దొరికింది.

1997-98లో వరంగల్ జిల్లాలో పత్తి పోయింది. లద్దెపురుగు మందుకి చావలేదు. ఆ మందు తాగిన రైతులు చచ్చిపోయారు. వందల మంది. నాకప్పుడు తొమ్మిదేళ్లు. మా ఊళ్లో ఒక ఇంటి ముందు జనం గుమిగూడి ఉంటే, అమ్మ నా కళ్లకి చెయ్యి అడ్డం పెట్టి తీసుకుపోయింది. మా నాయిన బతికాడు. ఎరువుల దుకాణం షావుకారికి నూటికి మూడు రూపాయల వడ్డీ మీద ప్రామిసరీ నోటు రాసిచ్చాడు. మూడేళ్లు దాటితే నోటు చెల్లదు గనక, గడువు దగ్గర పడేసరికి షావుకారే ఇంటికొచ్చేవాడు. అసలూ వడ్డీ కలిపి కొత్త నోటు రాయించుకుని పాతది చింపేసేవాడు. నోటు తిరగరాయడం అంటారు దాన్ని. మాది రెండుసార్లు తిరగరాశారు. ఆ చింపిన ముక్కలు కూడా అమ్మ పారెయ్యలేదు. రబ్బరుబ్యాండు వేసి పెట్టెలో దాచింది. ఎందుకే అంటే, “ఎన్నిసార్లు చచ్చి బతికినమో యాదికుండాలె గద బిడ్డా” అంది.

ప్రభుత్వాలు చేసేది కూడా ఈ తిరగరాయడమే. పదేళ్ల బాండు గడువు తీరితే కొత్త బాండు అమ్మి పాతదాన్ని తీరుస్తాయి. తేడా ఎక్కడంటే, మా నాయినకి వయసు ఉంది, భూమికి హద్దు ఉంది, వానకి నమ్మకం లేదు. ప్రభుత్వానికి చావు లేదు. రేపు పుట్టబోయే పిల్ల కొనే సబ్బు మీద పన్ను వసూలు చేసే హక్కు కూడా దానికుంది. రాబడి పెరిగే వేగం వడ్డీ పెరిగే వేగాన్ని మించినంత కాలం ఎన్నిసార్లయినా తిరగరాయొచ్చు. అందుకే షావుకారి మా నాయిన దగ్గర నూటికి ముప్ఫయ్యారు తీసుకున్నాడు, రాష్ట్రానికి ఈమధ్య ఏడు శాతం చుట్టూ దొరుకుతోంది.

రాష్ట్రాల బాండ్లని రిజర్వు బ్యాంకు మామూలుగా మంగళవారాలే వేలం వేస్తుంది. ఈ సంగతి చదివినప్పుడు గట్టిగా నవ్వొచ్చింది. మంగళవారం, శుక్రవారం ఇంట్లోంచి పైస బయటికి పోవద్దని మా అమ్మ పట్టు. పక్కింటామె పాలపాకెట్టుకి చిల్లర అడిగినా ఇవ్వదు. “లక్ష్మి పోతది” అంటుంది. దేశంలోకెల్లా పెద్ద అప్పులేమో మంగళవారమే పుడుతున్నాయి.

ఆ వేలంలో కొనేదెవరో తెలిశాక నవ్వు ఆగిపోయింది. బ్యాంకులు, బీమా కంపెనీలు, భవిష్యనిధి సంస్థలు. బ్యాంకులు తమ డిపాజిట్లలో నూటికి పద్దెనిమిది రూపాయలు, ఎక్కువగా ప్రభుత్వ బాండ్ల రూపంలోనే, కట్టడి ప్రకారం పెట్టాలి. ఎల్ఐసీ దగ్గరున్న పాలసీదారుల సొమ్ములో పెద్ద భాగం ప్రభుత్వ బాండ్లలోనే ఉంటుంది. మా అమ్మకి ఒక ఎల్ఐసీ పాలసీ ఉంది. పొదుపు సంఘానికి బ్యాంకులో ఖాతా ఉంది. పది పదిహేను మంది నెలనెలా పోగేసిన డబ్బది. నా పక్కన కూర్చున్న మిర్చి కూలీకీ ఏదో ఒక సంఘంలో ఖాతా ఉండే ఉంటుంది. ఆ పెద్దమనిషి ఎవరి వల్ల రాష్ట్రం అప్పుల పాలయిందన్నాడో, ఆ బస్సులోని ఆడవాళ్లే, చుట్టు తిరిగి, రాష్ట్రానికి అప్పిచ్చినవాళ్లు! లోటు ఆగకపోవడానికి ఇదొక కారణమని ఎవరూ చెప్పరు. ఒకరి అప్పు ఇంకొకరి దాపు. భద్రంగా డబ్బు పెట్టుకునే చోటు అందరికీ కావాలి, ప్రభుత్వ కాగితం కన్నా భద్రమైంది లేదు. ప్రభుత్వం అప్పు చేయడం పూర్తిగా మానేస్తే ముందు ఇబ్బంది పడేది పింఛను నిధులే.

అప్పు అనగానే తప్పు అనుకునే అలవాటు నాది కూడా. ఆ అలవాటు ఇక్కడ కొంచెం సడలింది. యాభయ్యేళ్లు నీళ్లిచ్చే చెరువుని ఈ ఏడాది పన్నులతోనే తవ్వమనడం న్యాయం కాదు. దాని నీళ్లు తాగే రేపటివాళ్లు కూడా భారం పంచుకోవాలి. కరోనా ఏడాది, 2020-21లో, కేంద్రం ద్రవ్యలోటు దేశ ఉత్పత్తిలో 9.2 శాతానికి పోయింది. పన్నులు పడిపోయిన ఏడాది ఖర్చు కూడా తగ్గించుకుని ఉంటే నడిచి ఇంటికి పోయినవాళ్లకి రేషన్ బియ్యం కూడా ఉండేవి కాదు.

కానీ అన్ని అప్పులూ చెరువుల కోసం కావు. చెరువు పేరుతో చేసిన అప్పు చెరువుకే పోతుందనీ లేదు. మా పాత వరంగల్ జిల్లా సరిహద్దులోనే, ఇప్పటి జయశంకర్ భూపాలపల్లి జిల్లాలో, మేడిగడ్డ ఉంది. కాళేశ్వరం ఎత్తిపోతలని 2019 జూన్ 21న ప్రారంభించారు. 2023 అక్టోబరులో మేడిగడ్డ బరాజు పియర్లు కుంగాయి. ఖర్చు 1.47 లక్షల కోట్లు దాటవచ్చని కాగ్ నివేదిక 2024 ఫిబ్రవరిలో సభ ముందుకొచ్చింది. ఈ డబ్బులో పెద్ద భాగం బడ్జెట్‌లో కనిపించే అప్పు కాదు. ఒక కార్పొరేషన్ పెట్టి దాని పేరు మీద, ప్రభుత్వ పూచీతో తెచ్చారు. రాష్ట్ర ఉత్పత్తిలో మూడు శాతానికి మించి అప్పు తేకూడదని చట్టం. చట్టం ప్రభుత్వానికి, కార్పొరేషన్‌కి కాదు కదా అన్న ఉపాయం. 2022 నుంచి కేంద్రం ఈ అప్పుల్ని కూడా రాష్ట్రాల లెక్కలో కలపడం మొదలుపెట్టింది. కేంద్రం చేతులు మాత్రం శుభ్రమా అంటే, అదింకో కథ.

మా అమ్మకీ బడ్జెట్‌కి బయట ఒక ఖాతా ఉండేది. పోపుల డబ్బాలో, మెంతుల కింద. నాయిన చూసే లెక్కల పుస్తకంలో అది కనిపించదు. పీహెచ్‌డీ ప్రవేశానికి మొదటి ఫీజు అందులోంచే వచ్చింది. మెంతుల వాసన వేసే నోట్లు కౌంటరులో ఇచ్చాను. అమ్మ బడ్జెట్‌కి బయట దాచింది పొదుపు, ప్రభుత్వాలు దాచింది అప్పు. ‘ఇల్లాలు ఇల్లు నడుపుకున్నట్టు పొదుపుగా రాష్ట్రాన్ని నడపాలి’ అని సభల్లో ఎవరైనా అన్నప్పుడల్లా నాకిప్పుడు ఆ డబ్బా గుర్తొస్తుంది. ఏ ఇల్లాలి గురించి మాట్లాడుతున్నారు వీళ్లు? మా ఇంట్లో ఆదాయం, ఖర్చు ఏ ఏడాదీ సమానం కాలేదు. సమానమైనట్టు కనిపించిన ఏళ్లలో అమ్మ మెడలో పసుపుతాడు ఉంది. పుస్తెలతాడు బ్యాంకులో కుదువ ఉంది.

బంగారం కుదువ అంటే మా ప్రాంతం వాళ్లకి ఇంకో జ్ఞాపకం కూడా ఉంది. 1991 మే నెలలో దేశం 20 టన్నుల బంగారాన్ని, జూలైలో మరో 47 టన్నుల దాకా బయటి దేశాలకి తరలించి విదేశీ మారకం తెచ్చుకుంది. జూన్ 21న ప్రధాని అయిన పి.వి. నరసింహారావు పుట్టింది నేను ఎక్కిన ఆ బస్సు పోయే దారివైపే ఉన్న లక్నేపల్లిలో. విశ్వనాథ ‘వేయిపడగలు’ని ‘సహస్రఫణ్’గా హిందీలోకి తెచ్చిన మనిషి. ఆ ఏడాది జూలై 24న బడ్జెట్ పెడుతూ మన్మోహన్ సింగ్ ద్రవ్యలోటు ఎనిమిది శాతం దాటిందని చెప్పాడు. రూపాయల్లో తెచ్చిన అప్పుని తిరగరాయొచ్చు. డాలర్లలో తెచ్చినదాన్ని, ఇచ్చేవాడు ఇక చాలన్నాక, తిరగరాయలేం. ఈ తేడా తెలియకపోతే ‘అప్పు ఎంతైనా ఫర్వాలేదు’ అనే తప్పులో పడతాం. అక్కడి నుంచి సరళీకరణ, ప్రపంచబ్యాంకు షరతులు, 2000 ఆగస్టు 28న కరెంటు చార్జీల మీద నిరసనకి పోయినవాళ్ల మీద బషీర్‌బాగ్‌లో కాల్పులు - ఇవన్నీ మన పత్రికల్లో చాలా రాసుకున్నాం. మళ్లీ చెప్పను.

మనం తగినంతగా రాసుకోలేదనిపించేది సారా గురించి. ఉద్యమం గురించి కాదు, అది పాఠాల్లోకి కూడా ఎక్కింది. దాని తర్వాత జరిగిన లెక్క గురించి. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లతో మొదలైంది. 1993 అక్టోబరు 1 నుంచి సారా నిషేధం, 1995 జనవరి 16 నుంచి ఎన్టీ రామారావు ప్రభుత్వం సంపూర్ణ మద్యనిషేధం. 1997లో చంద్రబాబు నాయుడు ప్రభుత్వం ఎత్తేసింది. కారణాల్లో ముందు వరుసలో నిలిచింది ఖజానా లోటు. ఆడవాళ్లు రోడ్డెక్కి సాధించుకున్న దాన్ని లోటు అనే ఒక్క మాట రెండేళ్లలో వెనక్కి తీసుకుంది. ఒక మాటకి అంత బలం ఉందంటే సాహిత్య విద్యార్థిగా నేను ఉలిక్కిపడాల్సింది. పడలేదు. ఎందుకంటే ‘ప్రభుత్వం దగ్గర డబ్బుల్లేవు’ అన్నది ప్రకృతి సత్యంలా వినిపిస్తుంది, వాన పడలేదు అన్నట్టు. డబ్బు ఎవరి దగ్గర అడగలేదో, అందుకే లేదో అన్నది ఆ వాక్యంలో ఉండదు. కర్త లేని వాక్యమది.

ఎవరిని అడగాలన్న స్వేచ్ఛ కూడా రాష్ట్రాలకి తగ్గింది. 2017 జూలై 1న జీఎస్టీ వచ్చాక సబ్బుల మీద, బట్టల మీద పన్ను ఎంతుండాలో రాష్ట్రం ఒక్కటే నిర్ణయించలేదు. చేతిలో మిగిలినవి మద్యం, పెట్రోలు, రిజిస్ట్రేషన్లు. లోటు పెరిగితే చెయ్యి పోయేది అటువైపే. 2023 ఆగస్టులో తెలంగాణలో 2,620 మద్యం దుకాణాలకి దరఖాస్తులు పిలిచారు. దరఖాస్తు రుసుము రెండు లక్షలు, దుకాణం రాకపోయినా తిరిగి ఇవ్వరు. లక్షా ముప్ఫై వేలకి పైగా దరఖాస్తులొచ్చాయి. ఒక్క సీసా అమ్మకుండానే 2,600 కోట్లకి పైగా జమ. మహిళల ఉచిత ప్రయాణానికి 2025-26 బడ్జెట్‌లో పెట్టింది నాలుగు వేల కోట్ల పైచిలుకు. ఈ రెండు అంకెల్నీ పక్కపక్కన రాసుకుని చాలాసేపు చూశాను. మా ఊరి నుంచి ఆసుపత్రికి బస్సులో ఉచితంగా పోతున్న ఆమె, తాగి కొట్టిన దెబ్బలకి కట్టు కట్టించుకోవడానికే పోతూ ఉండొచ్చు. అప్పుడు ఎవరు ఎవరికి ఉచితంగా ఇస్తున్నట్టు?

ఇక ఆ పెద్దమనిషి మాట. ఉచిత బస్సు మొదలైంది 2023 డిసెంబరు 9న. రాష్ట్ర ఆర్థిక స్థితి మీద ఉపముఖ్యమంత్రి భట్టి విక్రమార్క శ్వేతపత్రం పెట్టింది డిసెంబరు 20న. 2014-15లో 72,658 కోట్లున్న అప్పు కార్పొరేషన్లవి కలిపి 6,71,757 కోట్లయిందని అందులో ఉంది. ఉచిత బస్సు మొదలై అప్పటికి పదకొండు రోజులు! ఈ ఒక్క మాట ఆ రోజు బస్సులో నాకు తెలిసుంటే అనేదాన్ని. ఆ పథకం ఏటా ఖర్చే, దాన్ని దాచాల్సిన పని లేదు. కానీ ఈ కొండని మోసుకొచ్చింది అది కాదు. 2014 నవంబరులో తెలంగాణ తొలి బడ్జెట్ 301 కోట్ల మిగులుతో వచ్చింది. మనది ధనిక రాష్ట్రం అన్న మాట అప్పట్లో వినని రోజు లేదు. నేనూ సంతోషపడ్డాను. రాష్ట్రం కోసం యూనివర్సిటీలో లాఠీ దెబ్బలు తిన్న తరం మాది.

శ్వేతపత్రానికి జవాబుగా నాలుగు రోజులకి ప్రతిపక్షం నుంచి కె.టి. రామారావు ‘స్వేదపత్రం’ విడుదల చేశాడు. అప్పు అంత కాదు, సుమారు 3.17 లక్షల కోట్లేనని, దానికి తగ్గ ఆస్తులు సృష్టించామని వాదన. పూచీ ఇచ్చిన అప్పుని కలపాలా వద్దా అన్న దగ్గరే ఈ రెండు అంకెల మధ్య దూరం చాలా వరకు ఉంది. నన్ను పట్టుకున్నది మాత్రం పేరు. శ్వేతం, స్వేదం. శకారం సకారమైంది, తకారం దకారమైంది. ఎంత చక్కటి శబ్దచమత్కారం! క్లాసులో పాఠంగా చెప్పదగ్గది. చెప్పాను కూడా. అప్పుడు డిగ్రీ రెండో ఏడాది చదివే ఒక అమ్మాయి అడిగింది, “ఎవరి చెమట మేడం?” అని.

ఆ ప్రశ్నకి రెండు పత్రాల్లోనూ పద్దు లేదు. అంగన్‌వాడీ టీచర్ పొద్దున్నించి సాయంత్రం దాకా చేసే పనికి ఇచ్చేది ‘గౌరవ వేతనం’. ఆశా కార్యకర్తకి ‘పారితోషికం’. ఈ రెండు మాటలూ నాకు ఇప్పుడు ద్రవ్యలోటు తగ్గించే పరికరాల్లా కనిపిస్తాయి. జీతం అంటే చట్టం వస్తుంది, పింఛను వస్తుంది. గౌరవం అంటే ఏమీ రాదు. వాళ్లందరికీ సరైన జీతమిస్తే లోటు ఇంకెంత ఉండేది? అంటే కాగితం మీద కనిపించే లోటు, ఆడవాళ్ల పనిని అగ్గువకి కొని, కొంత ఊరికే తీసుకుని, తగ్గించి చూపించిన లోటు. 2019 సమయ వినియోగ సర్వే ప్రకారం మన దేశంలో జీతం లేని ఇంటిపని చేసే ఆడవాళ్లు రోజుకి 299 నిమిషాలు దానికి పెడుతున్నారు, చేసే మొగవాళ్లు 97. జాతీయాదాయం లెక్కల్లో ఆడవాళ్ల పని ఎలా మాయమవుతుందో మారిలిన్ వేరింగ్ 1988లోనే పుస్తకం రాసింది. ఆసుపత్రిలో పడకల ఖర్చు తగ్గిస్తే రోగి ఇంటికొస్తాడు. ఇంట్లో ఎవరు చూస్తారో మీకు చెప్పనక్కర్లేదు. లోటు అక్కడితో పోలేదు, ఖజానా నుంచి ఇంటికి వచ్చింది.

బకాయిల కథ కూడా అంతే. బాండు వడ్డీ ఒక్కరోజు ఆలస్యం కాదు, కాకూడదు. శ్వేతపత్రం ప్రకారం 2023-24 అంచనాల్లో రాష్ట్ర రాబడిలో నూటికి 34 రూపాయలు అప్పు చెల్లింపులకే. ఆ వరుస ముందుంటుంది కాబట్టి వెనక వరుసలో ఫీజు రీయింబర్స్‌మెంట్ నిలబడుతుంది, చిన్న కాంట్రాక్టరు బిల్లు నిలబడుతుంది, పదవీ విరమణ డబ్బు నిలబడుతుంది. బిల్లు ఆపడం కూడా ఒక అప్పే, ఇచ్చేవాడిని అడగకుండా తీసుకున్నది, వడ్డీ లేనిది. పొదుపు సంఘంలో ఒకామె కిస్తు తప్పితే మిగతా అందరూ ఆమె గడప ముందు కూర్చుంటారు. 2010లో సూక్ష్మరుణ సంస్థల వారం వారం వసూళ్లు ఊళ్లని ఎక్కడిదాకా తోశాయో, ఆ అక్టోబరులో ప్రభుత్వం ఆర్డినెన్సు తేవాల్సి వచ్చిందో మనం చూశాం. కిస్తు తప్పిన ప్రభుత్వం గడప ముందు ఎవరు కూర్చుంటారు?

నేను పాఠం చెప్పే ప్రైవేటు కాలేజీలో పీరియడుకి ఇంత అని లెక్క. సెలవుల్లేవు, వేసవి జీతం లేదు. ఈ ఏడాది మూడు నెలలుగా ఆ లెక్క కూడా అందలేదు. పైనుంచి ఫీజుల డబ్బు రాలేదంటారు. నిజమే కావచ్చు. కానీ భవనం అద్దె ఆగలేదు, కరెంటు బిల్లు ఆగలేదు. స్టాఫ్ రూములో ఆగినవాళ్లం ఏడుగురం, అందులో ఆరుగురం ఆడవాళ్లం. ‘మీకేం మేడం, ఇంట్లో సార్ జీతం ఉంటది’ అని ఒక పెద్దాయన మమ్మల్ని ఓదార్చాడు. నా ఇంట్లో సార్ లేడు. అది ఆయనకి చెప్పలేదు. లెక్కల భాషలో ఆయనన్నది చాలా స్పష్టమైన ఆర్థిక విధానం: వీళ్ల లోటుని ఎవరో పూడుస్తారు.

మొన్న ఇదంతా అమ్మకి చెప్పాను. ఆరున్నర లక్షల కోట్లంటే ఎన్ని సున్నాలో కాగితం మీద రాసి చూపించాను. భయపడుతుందనుకున్నాను. కళ్లజోడు పెట్టుకుని చూసింది. “తెచ్చిన్రు సరే. దేనికి తెచ్చిన్రు, ఏ ఒడ్డుకు పెట్టిన్రు, గది రాసి ఉన్నదా?” అంది. కొన్నిటికి ఉంది, కొన్నిటికి లేదు అన్నాను. “మీ నాయిన నోటు మీద కూడ ఎరువులకని రాసిండ్రు. అండ్ల సగం మీ మేనత్త పెండ్లికి పోయింది. నేను సంతకం పెట్టలె, కట్టుడు మాత్రం నేనే కట్టిన” అంది. 1998లో కుదువకి పోయిన పుస్తెలతాడు 2006లో వచ్చింది. ఎనిమిదేళ్లు. అమ్మ లెక్కల పుస్తకంలో ఆ ఎనిమిదేళ్ల పద్దుల్లో ఎక్కడా తన పేరు మీద చీర లేదు. నేను వెతికాను.

ఇంకేదో అడగాలనుకున్నాను గానీ, నాకప్పటికి బస్సు టైమయింది. సంచి సర్దుకుంటూ, జీతం ఇంకా పడలేదు, ఒక రెండువేలుంటే ఇవ్వవే, వచ్చే నెల ఇస్తాను అన్నాను.

అమ్మ పోపుల డబ్బా వైపు చూసి, గోడ మీద క్యాలెండరు వైపు చూసింది.

“ఇయ్యాల మంగళారం బిడ్డా. రాత్రికుండు, రేపు పొద్దుగాల ఇస్త.”